పాత సొగసు, కొత్త నంబర్ ప్లేటు

పాత కారు డిజైన్ కాపీ కొట్టి, లోపల ఇంకో కంపెనీ ఇంజన్ పెట్టి, ఆరు కోట్లకి అమ్మేవాణ్ణి ఏమనాలి? మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్న వేసినవాడే "దొంగ" అని జవాబు కూడా ఇచ్చేసుకున్నాడు. కింద నలుగురు చప్పట్ల బొమ్మలు పెట్టారు, ఇంకొకడు "తెల్లోడి తెలివి" అని ముక్తాయించాడు. నేను ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ పక్కన ఉంటాను, కార్ల విడిభాగాల పనితోనే బతుకుతున్నాను, కాబట్టి నన్ను ట్యాగ్ చేసి మరీ అడిగారు. గ్రూపులో నాలుగు ముక్కలు రాస్తే గొడవ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. ఈ రోజుల్లో ఓ చిన్న కంపెనీ చేత్తో కారు చేసి, నంబర్ ప్లేటు వేయించి, రోడ్డు మీదికి తేవాలంటే ఆ "దొంగ" నడిచిన దారి తప్ప దాదాపు ఇంకో దారి లేదు.

గొడవంతా డేవిడ్ బ్రౌన్ ఆటోమోటివ్ అనే కంపెనీ గురించి. 2013లో మొదలైంది. మొదట కోవెంట్రీలో పని, తర్వాత సిల్వర్‌స్టోన్‌కి మారారు, రేసు ట్రాక్ ఉన్న ఊరే. 2014 ఏప్రిల్‌లో మొనాకోలో స్పీడ్‌బ్యాక్ జీటీ అనే కారు చూపించారు. చూసిన ప్రతివాడికీ గుర్తొచ్చింది ఒకటే, 1963లో వచ్చిన ఆస్టన్ మార్టిన్ డీబీ5. అదే గుండ్రటి ముఖం, అదే వాలు వీపు. లోపల మాత్రం జాగ్వార్ ఎక్స్‌కేఆర్: 5 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వీ8, 510 హార్స్‌పవర్. మొత్తం వంద కార్లే చేస్తామన్నారు. ధర 4,95,000 పౌండ్లు, పన్నుతో కలిపి 5,94,000. అప్పటి రేటు ప్రకారం ఆరు కోట్లకి కొంచెం అటూ ఇటూ.

ఇంకో తమాషా ఏమిటంటే, డీబీ5లో డీబీ అంటే కూడా డేవిడ్ బ్రౌనే. ఆయన వేరు, ట్రాక్టర్ల కంపెనీ ఆయన, 1947లో ఆస్టన్ మార్టిన్ కొని 1972 దాకా నడిపాడు. ఈ కొత్త డేవిడ్ బ్రౌన్‌కి ఆయనకీ చుట్టరికం లేదు, పేరు అలా కలిసొచ్చిందంతే. (మా వాడు దీన్ని కూడా కుట్ర కింద లెక్కేశాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరుకి మనిషినేం చేస్తాం!) ఈయనకి ఈ ఆలోచన ఎలా వచ్చిందో పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. స్పెయిన్‌లో క్లాసిక్ కార్ల ర్యాలీకి వెళ్తే తన పాత ఫెరారీ డేటోనా మధ్యలో మొరాయించిందట, మిగతా దారంతా అద్దెకు తీసుకున్న ప్యూజో వేసుకుని తిరగాల్సి వచ్చిందట. పాత కారు అందం ఉండాలి, పొద్దున తాళం తిప్పితే స్టార్ట్ కావాలి, ఏసీ పనిచేయాలి. డబ్బున్నవాడి కోరికే, కాదనను. కానీ అర్థంకాని కోరికేమీ కాదు.

ముందు కాపీ సంగతి చూద్దాం. మావాళ్లు "బ్రిటిష్ క్లాసిక్" అని గుండెలు బాదుకుంటున్న ఆ రూపం అసలు బ్రిటన్‌ది కాదు. డీబీ5 అంతకుముందు 1958లో వచ్చిన డీబీ4కి మెరుగు, డీబీ4 ఒంటిని గీసింది ఇటలీలో మిలాన్‌కి చెందిన టూరింగ్ అనే బాడీ బిల్డింగ్ సంస్థ. సన్నటి స్టీలు గొట్టాలతో బోనులాంటి చట్రం కట్టి, దాని మీద చేత్తో వంచిన అల్యూమినియం రేకు తొడగడం వాళ్ల పద్ధతి, దాన్నే సూపర్‌లెజ్జెరా అంటారు. ఆ పద్ధతికి లైసెన్సు తీసుకుని ఆస్టన్ వాళ్లు న్యూపోర్ట్ ప్యాగ్నెల్‌లో కార్లు చేసుకున్నారు. అంటే ఒకరు గీస్తే మరొకరు కట్టడం, ఒకరి ఇంజన్ మీద ఇంకొకరి ఒళ్లు తొడగడం ఈ వృత్తిలో మొదటినుంచీ ఉన్నదే.

ఒకప్పుడు రోల్స్ రాయిస్ వాళ్లు పూర్తి కారు అమ్మేవాళ్లు కాదు. ఛాసిస్, ఇంజన్, రేడియేటర్, అక్కడితో వాళ్ల పని సరి. కొన్నవాడు దాన్ని హూపర్ దగ్గరికో, ముల్లినర్ దగ్గరికో, బార్కర్ దగ్గరికో పంపి తనకి కావలసినట్టు బాడీ కట్టించుకునేవాడు. దీనికి సాక్ష్యం చూడాలంటే మనవాళ్లు లండన్ దాకా రానక్కర్లేదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుప్పచ్చ రంగు రోల్స్ రాయిస్ ఉంది, 1912 సిల్వర్ ఘోస్ట్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చింది. కారు వచ్చేలోపే ఆయన 1911లో పోయాడు, అనుభవించింది ఏడో నిజాం. దాని బాడీ కట్టింది లండన్ బార్కర్ కంపెనీ, 1710 నుంచి గుర్రబ్బగ్గీలు చేసినవాళ్లు. ఈసారి వెళ్తే వెనక సీటు దగ్గర కాసేపు ఆగి చూడండి. సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది, ఊరేగింపులో జనానికి నిజాం కనపడాలని. ఆ రోజుల్లో ప్రపంచంలోనే గొప్పదనిపించుకున్న కొత్త ఇంజన్ మీద పాతకాలపు రాజరికపు బగ్గీ ఠీవి కూర్చోబెట్టారన్నమాట. కొత్త యంత్రానికి పాత రూపం తొడగడం స్పీడ్‌బ్యాక్‌తో మొదలైందనుకునేవాళ్లకి ఆ కారు చూపిస్తే చాలు.

మరి ఆ హూపర్లూ బార్కర్లూ ఏమైపోయారు? బార్కర్ 1938లో హూపర్‌లో కలిసిపోయింది, హూపర్ 1959లో కారు బాడీలు కట్టడం మానేసింది, ముల్లినర్‌ని రోల్స్ రాయిసే కొనేసుకుంది. యుద్ధం అయ్యాక 1946లో, రోల్స్ రాయిస్ వాళ్లదే అయిన బెంట్లీ మార్క్ 6తో ఫ్యాక్టరీలోనే అచ్చులో నొక్కిన స్టీలు బాడీ మొదలైంది, చవక, త్వరగా తయారవుతుంది, తుప్పు గొడవలు ఉన్నా జనం అదే కొన్నారు. అసలు దెబ్బ 1965లో రోల్స్ రాయిస్ సిల్వర్ షాడోతో పడింది. దానికి విడిగా ఛాసిస్ లేదు, మోనోకాక్. ఎండ్రకాయకి పెంకే ఎముక అయినట్టు దీనికి ఒళ్లే చట్రం. ఛాసిస్ ఉన్న కారుకైతే నాలుగు బోల్టులు విప్పి పైనున్న బాడీ తీసేసి ఇంకోటి పెట్టొచ్చు. మోనోకాక్‌లో ఒక స్తంభం కోస్తే మొత్తం కారు బలమే పోతుంది. బాడీ బిల్డర్‌కి చేయడానికి పనే లేకుండా పోయింది.

మన దగ్గర మాత్రం ఆ పని ఇంకా బతికుంది, కాకపోతే కార్లకి కాదు, లారీలకి. విజయవాడ ఆటోనగర్‌లోకి ఉత్త ఛాసిస్‌గా వచ్చిన లేలాండ్ బండి కొన్ని వారాల తర్వాత చెక్కో రేకో బాడీ, రంగులు, పూలు, "హారన్ ప్లీజ్" అన్నీ వేసుకుని బయటికి పోతుంది. దానికి కారణం మనవాళ్ల కళాపోషణ ఒక్కటే అనుకోకండి, లారీకి ఇంకా విడి ఛాసిస్ ఉంది కాబట్టి. బస్సులకి ఏఐఎస్-052 అనే బాడీ కోడ్ వచ్చాక అక్కడా చిన్న షెడ్ల వాళ్లకి ఇబ్బందులు మొదలయ్యాయి. ప్రమాదాల్లో జనం చావకూడదని తెచ్చిన నిబంధనే, తప్పుపట్టలేం. కానీ నిబంధన పెరిగిన ప్రతిసారీ పెద్ద ఫ్యాక్టరీ నిలబడుతుంది, షెడ్డు మూతపడుతుంది.

బ్రిటన్‌లో కార్ల విషయంలో జరిగింది సరిగ్గా అదే. ఇప్పుడు ఎవరైనా మొదటినుంచి కొత్త కారు చేస్తామంటే గోడకి గుద్ది చూపించాలి, పొగ పరీక్షలు గట్టెక్కాలి, ఎయిర్‌బ్యాగులు ఏ క్షణంలో తెరుచుకోవాలో లెక్క కట్టాలి. వంద కార్లు అమ్మేవాడు పరీక్షల కోసం పది కార్లు పగలగొట్టుకోగలడా? ఒక్కో కారునీ విడిగా చూపించి పాస్ చేయించుకునే దారి ఉంది, ఐవీఏ అంటారు, అందులోనూ నిబంధనలు తక్కువేం కాదు. బయట మనిషికి తగిలే ఏ అంచూ 2.5 మిల్లీమీటర్ల కన్నా తక్కువ గుండ్రంతో పదునుగా ఉండకూడదు లాంటివి పేజీలకి పేజీలు. అందుకే చిన్నవాడు ఏం చేస్తాడు? పెద్ద కంపెనీ ఆ పరీక్షలన్నీ పాసై చేసిన కారు ఒకటి తీసుకుంటాడు. దాన్నే డోనర్ కార్ అంటారు. ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకులు, వైరింగ్ ఉంచేసుకుని, బలమిచ్చే లోపలి చట్రం జోలికి పోకుండా, పై చర్మం మాత్రం ఒలిచి తనది తొడుగుతాడు. స్పీడ్‌బ్యాక్ చేసింది ఇదే. అన్నట్టు ఆ డోనర్ తయారైంది మా ఇంటికి దగ్గర్లోని కాజిల్ బ్రామ్‌విచ్ ఫ్యాక్టరీలో, జాగ్వార్ అప్పటికే 2008 నుంచి టాటాల చేతిలో ఉంది. "తెల్లోడి తెలివి" అన్నవాడికి ఈ ముక్క ప్రత్యేకంగా.

ఇది ఎంత నిజమో తెలియాలంటే ఆస్టన్ మార్టిన్ సొంతంగా చేసిన పని చూడండి. డీబీ5నే మళ్లీ అచ్చుగుద్దినట్టు, 1964 సినిమాలో జేమ్స్ బాండ్ వాడిన పొగతెర వదిలే ఏర్పాటు, తిరిగే నంబర్ ప్లేట్లతో సహా, 2020లో న్యూపోర్ట్ ప్యాగ్నెల్‌లోనే తయారుచేశారు. కొనేవాళ్ల కోసం 25 కార్లు. ఒక్కోటి 27.5 లక్షల పౌండ్లు, పన్ను అదనం. ఇంత పోసి కొన్నాక దాన్ని రోడ్డెక్కించడానికి వీల్లేదు! 1964 నాటి కారుని ఇప్పుడు కొత్తగా కడితే ఇప్పటి నిబంధనలు పాస్ కాదు కదా. జాగ్వార్ కూడా 2014 నుంచి ఇదే దారిలో లైట్‌వెయిట్ ఈ-టైప్ అనే తన పాత రేసు కారుని మళ్లీ ఆరు చేసింది, వాటిదీ అదే గతి, ట్రాక్ మీద తిప్పుకోవాల్సిందే. అసలు సొంతదారు చేసిన అసలైన డీబీ5 గ్యారేజీలో కూర్చుంటే, "దొంగ" చేసినది దర్జాగా పెట్రోల్ పోయించుకుని ఊరు దాటుతోంది.

సరే, నిబంధనల వల్ల డోనర్ కావాలి, ఒప్పుకున్నాం, మరి ఆ డోనర్ మీద కొత్త డిజైన్ వేయొచ్చు కదా, పాత మొహమే ఎందుకు? ఈ ప్రశ్న నిజంగా గట్టిది, గ్రూపులో ఎవరూ అడగలేదు గానీ. దీనికి నా దగ్గర ఉన్న జవాబు కళకి సంబంధించింది కాదు, వ్యాపారానిదే. ముందురోజు దాకా పేరు వినని కంపెనీ, ఎవరూ చూడని ఆకారం, ధర ఆరు లక్షల పౌండ్లు అంటే కొనేవాడు ఎవడు? ఫెరారీకి పేరుంది, చెల్లుతుంది. పేరు లేనివాడికి జనం ఇప్పటికే ప్రేమించిన ఆకారం ఒక్కటే పూచీకత్తు. స్పీడ్‌బ్యాక్ డిజైనర్ అలన్ మాబర్లీ అంతకుముందు ల్యాండ్ రోవర్‌లో పెద్ద హోదాలో చేసినవాడు, కొత్తది గీయడం చేతకాక కాదు. ఆయనకి ఆ స్వేచ్ఛ కొనిచ్చేంత డబ్బు ఎవరి దగ్గరా లేదు.

నాకు నచ్చనిది వేరే ఉంది. స్పీడ్‌బ్యాక్‌ని ఒక ప్రదర్శనలో దగ్గర్నుంచి చూశాను. వెనక డిక్కీ తలుపు రెండుగా విడిపోతుంది, కింది భాగం మీద ఇద్దరు కూర్చుని టీ తాగేలా చిన్న సీటు బయటికొస్తుంది, ఆ ముచ్చట చాలా బాగుంది. కానీ పదడుగులు వెనక్కి నడిచి మొత్తంగా చూస్తే ఏదో తేడా కొడుతుంది. డీబీ5 వెడల్పు 168 సెంటీమీటర్లు. జాగ్వార్ చట్రం అంతకన్నా ఓ జానెడు ఎక్కువ వెడల్పు. పాత కారు అద్దాల పక్కన స్తంభాలు వేలెడంత సన్నం, ఇప్పటి కారు పల్టీ కొట్టినా పైకప్పు నలగకూడదు కాబట్టి స్తంభాలు లావు. ముందు బానెట్ కూడా అంతే, పాదచారి తల తగిలితే కింద ఇంజన్‌కి కొట్టుకోకుండా ఖాళీ ఉండాలి, ఈ డోనర్ జాగ్వార్‌లో అయితే గుద్దుకున్న క్షణంలో బానెట్ దానంతటదే పైకి లేచే ఏర్పాటు కూడా ఉండేది. ఇవన్నీ మంచివే, ప్రాణాలు కాపాడేవే. కానీ ఆ ఎముకల మీద 1963 చర్మం కప్పితే ఎక్కడో బిగుతు, ఎక్కడో ఉబ్బు. పెళ్లిచూపుల ఫోటో చూపించి ముప్ఫై ఏళ్ల తర్వాతి మనిషిని పంపినట్టుంది. అందంగానే ఉన్నాడు, కానీ ఆ ఫోటోలో మనిషి కాదు. డీబీ5 గుర్తు చేయకుండా ఉంటే ఇదే కారు ఇంకా బాగా అనిపించేదేమో.

ఇక ధర. ఒక్కో స్పీడ్‌బ్యాక్‌కి 8,000 పని గంటలు పడతాయని కంపెనీ లెక్క. పన్ను తీసేస్తే 4,95,000 పౌండ్లు, అందులో డోనర్ కారు కొత్తదైతే 80 వేల దాకా పోతుంది. మిగిలింది గంటకి 52 పౌండ్లు. అందులోనే రేకు, తోలు, చెక్క, అద్దె, కరెంటు, లాభం, అన్నీ. మా వీధి చివర మామూలు గ్యారేజీలో నా కారు ఆయిల్ మార్చినందుకు గంటకి దాదాపు అంతే వేస్తారు. ఆరు కోట్లు అనగానే ఎవడో దోచుకున్నాడనిపిస్తుంది గానీ, చేతిపని ఖరీదు అంతే మరి.

ఆ చేతిపని ఎలా ఉంటుందో ఓ వేసవి ప్రదర్శనలో చూశాను. ఇంగ్లిష్ వీల్ అని ఒక యంత్రం, కరెంటు అక్కర్లేదు, ఇనప చట్రానికి పైన పెద్ద చక్రం, కింద నున్నగా కొంచెం ఉబ్బెత్తుగా ఉండే చిన్న చక్రం. అరవై దాటిన ఒకాయన, చేతులకి గుడ్డ గ్లోవ్స్, అల్యూమినియం రేకుని రెండు చక్రాల మధ్య పెట్టి ముందుకి తోస్తాడు, వెనక్కి లాగుతాడు, ప్రతిసారీ అంగుళంలో కొంచెం పక్కకి జరుపుతాడు. రేకు నలిగి సన్నబడిన చోట సాగుతుంది, సాగింది ఎక్కడికీ పోలేక పైకి ఉబ్బుతుంది, అలా పుడుతుంది వంపు. మధ్యలో రేకు గట్టిపడిపోయింది. ఆయన మామూలు ఒంటి సబ్బు ముక్క తీసి రేకంతా రాసి, గ్యాస్ మంట పెట్టాడు. సబ్బు నల్లబడగానే మంట తీసేశాడు. అల్యూమినియం ఎర్రబడదు, చెప్పాపెట్టకుండా కరిగి కారిపోతుంది, అందుకే వేడి సరిపోయిందని సబ్బు చెప్పాలి. తర్వాత కళ్లు పక్కకి తిప్పుకుని అరచేత్తో రేకుని తడిమాడు, ఎందుకలా అనడిగితే కన్ను మెరుపుకి మోసపోతుంది, చెయ్యి మోసపోదు అన్నాడు. చుట్టూ చూస్తే కుర్రాళ్లు ఒకరిద్దరే. ఇలాంటి కార్లకి ఆర్డర్లు రాకపోతే ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాడికి జీతం ఎవరిస్తారు?

అలాగని ఈ వృత్తిలో అందరినీ వెనకేసుకు రాను. ఇదే కంపెనీ 2017లో మినీ రీమాస్టర్డ్ అని తెచ్చింది. 1959లో పుట్టిన చిన్న మినీ, దానికి విట్నీలో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు పాత అచ్చులతోనే కొత్తగా నొక్కిన బాడీ షెల్, తిరగకట్టిన 1275 సీసీ ఇంజన్, లోపల తోలు, టచ్‌స్క్రీన్. ధర 75 వేల పౌండ్ల పైమాటే. షెల్ కొత్తది, సీట్లు కొత్తవి, రంగు కొత్తది, కానీ కాగితాల్లో అది ఏనాటిదో పాత మినీ. అప్పట్లో డీవీఎల్ఏ (ఇక్కడి వాహనాల రిజిస్ట్రేషన్ శాఖ) వాళ్ల పాయింట్ల లెక్క ఒకటుండేది: కంపెనీ నుంచి మార్పుల్లేకుండా వచ్చిన షెల్ అయితే 5, సస్పెన్షన్‌కి 2, స్టీరింగ్‌కి 2, ఇంజన్‌కి 1, ఇలా 8 వస్తే పాత నంబర్ ఉంచుకోవచ్చు, రాకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే వేరే ప్లేటు. లెక్క ప్రకారం అంతా చట్టబద్ధమే. స్పీడ్‌బ్యాక్‌లో కనీసం చేత్తో కొట్టిన రేకు ఉంది, కొత్తగా గీసిన గీత ఉంది. మినీ విషయంలో నాకు కనిపించేది మంచి రంగు, మంచి తోలు, అంతకు మించి లేదు. చవక కారుగా పుట్టి మేస్త్రీల్నీ నర్సుల్నీ మోసిన బండికి ఆ ధర కట్టడం చూస్తే నవ్వొస్తుంది.

ఇవన్నీ చూసి ఇదేదో కొత్త పోకడ అనుకోకండి. 1972లోనే ఇంగ్లండ్‌లోని సర్రేలో రాబర్ట్ జాంకెల్ అనే ఆయన పాంథర్ వెస్ట్‌విండ్స్ పెట్టి, 1930ల నాటి జాగ్వార్ ఎస్ఎస్100 పోలికలతో జే72 చేశాడు. తర్వాత 1974లో డివిల్ అని బుగాటీ రాయల్‌ని తలపించే భారీ కారు, దాని తలుపులు చూస్తే ఆస్టిన్ 1800 కుటుంబ కారువి! సొంతంగా తలుపు అచ్చు చేయించడం చిన్న కంపెనీ తరం కాదు కదా. దశాబ్దం తిరక్కుండానే అప్పుల్లో మునిగింది. 1980లో కొరియా వ్యాపారి ఒకాయన కొన్నాడు, 1982లో ఫోర్డ్ ఇంజన్‌తో కలిస్టా అనే కారు వచ్చింది, 1987లో కంపెనీ కొరియాకే చెందిన సాంగ్‌యాంగ్ చేతికి పోయింది, ఆ సాంగ్‌యాంగ్‌ని 2011లో మన మహీంద్రా కొంది, తర్వాత అదీ వదిలించుకుంది. సర్రేలో రేకు కొట్టుకుంటూ మొదలైన కంపెనీ వంశవృక్షంలో కొన్నాళ్లు మహీంద్రా పేరుండటం నాకు భలే ఇష్టం.

గ్రూపులో చివరికి ఒకడు "ఇంత సమర్థిస్తున్నావు, డబ్బుంటే నువ్వు కొంటావా" అన్నాడు. స్పీడ్‌బ్యాక్ కొనను, ఆ జానెడు వెడల్పు రోజూ కళ్లకి గుచ్చుకుంటుంది. కలిస్టా మాత్రం కొంటాను. వేలంలో పది పన్నెండు వేల పౌండ్లకే దొరుకుతోంది, అల్యూమినియం బాడీ కాబట్టి పైన తుప్పు భయం లేదు (కింద ఛాసిస్ స్టీలే, అది పడుకుని టార్చి వేసి చూసుకోవాలి), ఫోర్డ్ ఇంజన్ కాబట్టి స్పేర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఉన్నవి రెండే సీట్లు, ఇంట్లో నలుగురం. ప్రస్తుతానికి చర్చలు జరుగుతున్నాయి.